ఒడ్డున పడ్డ ఓడలు

(కాకినాడలో ఒక ఆదివారం సాయంత్రం పుస్తక మిత్రుల సమావేశంలో, మర్చంట్ నేవీ నుంచి రిటైరైన ఒక డెక్ ఆఫీసరు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరుస ఎప్పట్లాగే ఖాళీగా ఉంది. భయపడకండి, తడవకుండానే ఇంటికి పంపిస్తాను.

మనం ఒక మాట అంటూ ఉంటాం. కూతురి పెళ్లి అయిపోయింది, బ్యాంకు లోను తీరిపోయింది, అప్పుడేమంటాం? "హమ్మయ్య, ఒడ్డున పడ్డాం" అంటాం. గట్టెక్కాం అని కూడా అంటాం. ఈ మాటలు ఎవరివి? ఏరు దాటేవాడివి. గోదావరికి వరదొచ్చినప్పుడు పడవలో కూర్చున్నవాడికి గట్టు కనబడితే పోయిన ప్రాణం లేచొస్తుంది. అక్కడ పుట్టిన మాట అది. సబబే.

కానీ తెరచాప ఓడల కాలంలో, సముద్రం మీద ఓడ నడిపే కేప్టెన్ దగ్గరికి వెళ్లి "ఏమండీ, ఒడ్డున పడ్డారా?" అని అడిగామనుకోండి, తన్నేవాడు. ఎందుకంటే ఆయనకి ఒడ్డున పడటం అంటే ఓడ పోవడం. సరుకు పోవడం, ప్రాణాలు పోవడం. ఇవాళ నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే. ఓడల్ని సముద్రం ముంచిందని మనం అనుకుంటాం. చాలాసార్లు ముంచింది ఒడ్డు. ఒడ్డు కనబడకపోవడం, ఒడ్డు మరీ దగ్గరగా ఉండటం, ఒడ్డున ఉన్న మనుషులు. ఒడ్డు, ఒడ్డు, ఒడ్డు.

ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను ఇరవై ఆరేళ్లు ఓడల మీద పనిచేశాను గానీ తెరచాప తాడు ఒక్కసారి కూడా లాగలేదు. మావన్నీ ఇనప ఓడలు, కింద ఇంజను. ఇంజను ఉన్నవాడికి గాలి అంటే టెన్షనే తప్ప తిండి కాదు. వాళ్లకి గాలే తిండి. అందుకని ఇందులో కొంత చదివి తెలుసుకున్నది, కొంత మా ఉప్పాడ వైపు పెద్దవాళ్ల దగ్గర విన్నది.

సరే. తెరచాప ఓడని ఒక లారీ అనుకోండి. ఈ లారీకి బ్రేకు లేదు. రివర్స్ గేరు దాదాపు లేదు. యాక్సిలరేటరు దేవుడి చేతిలో ఉంది. పైగా గాలికి ఎదురుగా పోదు. పెద్ద ఓడలకి తెరచాపలు అడ్డంగా, వాసాలకి వేలాడతాయి చూడండి, బొమ్మల్లో చూసే ఉంటారు. ఆ ఓడ గాలి వచ్చే దిక్కుకి సుమారు అరవై ఏడు డిగ్రీల కంటే దగ్గరగా తిరగలేదు. గాలి తూర్పు నుంచి వస్తోంది, నేను తూర్పుకే పోవాలి అంటే, ఇటు కొంచెం అటు కొంచెం వంకర టింకరగా పోవాలి. పోతూ ఉంటే గాలి పక్కకి నెడుతూనే ఉంటుంది. కొన్ని అడుగులు ముందుకి పోతే కొంత పక్కకి. తుఫాను గాలిలో అయితే ముందుకి సున్నా, పక్కకే మొత్తం.

ఇప్పుడు ఆ పక్కన ఒడ్డు ఉందనుకోండి. గాలి ఒడ్డు వైపే కొడుతోంది. తెరచాప ఎత్తితే చిరిగిపోతుంది, దించితే ఒడ్డుకి కొట్టుకుపోతాం. ఇక మిగిలింది లంగరు. లంగరు వేశాం. కింద ఇసుక, లంగరు దున్నుకుంటూ వస్తోంది. జనపనార మోకు, మనిషి తొడంత లావుంటుంది, అది కూడా తెగుతుంది. నడి సముద్రంలో అదే గాలి వస్తే ఏం చేస్తారు? చాపలన్నీ దించేసి, తలుపులు బిగించుకుని, దేవుణ్ని తలుచుకుంటూ గాలి ఎటు తోస్తే అటు పోతారు. రెండు రోజులు పోతారు, మూడు రోజులు పోతారు. గుద్దుకోవడానికి ఏమీ లేదు కదా! అందుకే చోటు ఉంటే బతుకు. వాళ్ల భాషలో సముద్రం అంటే చోటు.

ఇప్పుడు మన తీరం సంగతి చూడండి. కోరమండల్ తీరం. మద్రాసులో, పాండిచ్చేరిలో, కడలూరులో, బందరులో, విశాఖలో ఆ రోజుల్లో హార్బరు ఉందా? లేదు. ఓడలు ఒడ్డుకి ఒకటి రెండు మైళ్ల దూరంలో, తెరిచిన సముద్రంలో లంగరు వేసుకుని నిలబడేవి. మనుషులు, సరుకు, మంచినీళ్లు, అన్నీ మసులా పడవల్లో రావాలి, పోవాలి. ఆ పడవ సంగతి చెప్పాలి మీకు. దానికి మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. ఎందుకూ? కెరటం విరిగే చోట మేకులు కొట్టిన గట్టి పడవ అయితే దెబ్బకి విచ్చిపోతుంది. కుట్టిన పడవ వంగుతుంది, ఒళ్లు విరుచుకుంటుంది, మళ్లీ సర్దుకుంటుంది. డెబ్భై నాలుగు ఫిరంగుల ఓడ తెచ్చుకున్న తెల్లవాడు కూడా ఒడ్డున కాలు పెట్టాలంటే మన బెస్తవాడి కుట్టు పడవ ఎక్కాల్సిందే. ఉత్తరాలైతే కట్టుమరం మీద పోయేవి, నీళ్లు దూరని టోపీలో దోపుకుని.

అందువల్ల ఒక లెక్క ఏర్పడింది. అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య దాకా పెద్ద ఓడ ఈ తీరంలో ఉండకూడదు. ఉంటే, గాలి లేచిందన్న అనుమానం రాగానే లంగరు ఎత్తడం కూడా కాదు, మోకు నరికేసి సముద్రంలోకి పారిపోవాలి. వింటున్నారా? తుఫాను వస్తోందంటే ఒడ్డుకి పరిగెత్తడం కాదు. తుఫానులోకి పరిగెత్తడం.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. లా బుర్దొనే అనే ఆయన, సెప్టెంబరులో. కోట చేతికొచ్చింది, డబ్బు ఎంత కట్టాలన్న బేరం నడుస్తోంది. బేరం సాగుతూ సాగుతూ అక్టోబర్ వచ్చేసింది. నెల మధ్యలో ఒక రాత్రి తుఫాను కొట్టింది. తెల్లారేసరికి ఆ నౌకాదళంలో ఓడలు కొన్ని లేవు, 1,200 మందికి పైగా మనుషులు లేరు. గెలిచినవాడికి దక్కింది అది.

మూడేళ్లు తిరక్కుండానే ఇంగ్లీషువాళ్ల వంతు. 1749 ఏప్రిల్. చూడండి, అక్టోబర్ కూడా కాదు, ఏప్రిల్. కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోట ముందు బొస్కావెన్ అనే అడ్మిరల్ దళం. ఆయన సొంత ఓడ నేమూర్ పోయింది, 520 మంది. పెంబ్రోక్ పోయింది, 330 మంది. అడ్మిరల్ గారు మాత్రం ఆ రాత్రి ఒడ్డు మీద ఉన్నారు. బతికారు. చూశారా, మనిషికి ఒడ్డు మంచిదే, ఓడకే కాదు.

ఇక మూడోది వినండి. ఇది నా మాటకే అడ్డం తిరుగుతుంది, అయినా చెప్పాలి. 1761 జనవరి ఒకటో తారీఖు. ఇంగ్లీషువాళ్లు పాండిచ్చేరిని ముట్టడించారు. అడ్మిరల్ స్టీవెన్స్ గాలి పెరగడం చూసి తన ఓడ మోకు నరికేశాడు, మిగతావాళ్లనీ నరకమని సంకేతం ఇచ్చాడు. ఆ గాలిలో ఫిరంగి చప్పుడు ఎవరికి వినబడుతుంది? మిగతా ఓడలు నిలబడే ఉన్నాయి. నరుకుదామా వద్దా, నరుకుదామా వద్దా. మూడు ఓడలు ఉన్నచోటే మునిగిపోయాయి. సుమారు 1,100 మంది. చేతివేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే బతికారు. ఇంకో మూడు ఓడల్ని గాలి లాక్కెళ్లి ఒడ్డుకేసి కొట్టింది. వాటిలో మనుషులు ఏమయ్యారు? దాదాపు అందరూ బతికారు!

మరి ఒడ్డు చంపుతుందన్నావు కదయ్యా అంటారు మీరు. అనాలి కూడా. తేడా ఎక్కడుందంటే, మనది ఇసుక ఒడ్డు. ఓడ ఇసుకలో కూరుకుపోతే ఓడ చస్తుంది గానీ మనుషులు దిగి నడిచి రావచ్చు, కెరటం ఊరుకుంటే. రాతి ఒడ్డు అలా కాదు. రాయి తగిలితే అడుగు చీరుకుపోతుంది, అంతే.

రాయి అన్నాను కాబట్టి సిల్లీ దీవుల సంగతి చెప్తాను. ఇంగ్లండుకి నైరుతి మూలన, నీళ్లలో పళ్లు తేలినట్టు రాళ్లు. 1707 అక్టోబర్ 22 రాత్రి. సర్ క్లౌడ్‌స్లీ షవెల్ అని పెద్ద అడ్మిరల్, ఇరవై ఒక్క ఓడలతో మధ్యధరా యుద్ధం నుంచి ఇంటికి వస్తున్నాడు. ఇల్లు దగ్గరపడింది. ఇంగ్లిష్ చానెల్లోకి ప్రవేశిస్తున్నాం, దారి సాఫీ అనుకున్నారు. చీకట్లో ఎదురుగా నురగ కనబడింది. నాలుగు ఓడలు పోయాయి. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 1,400, ఎక్కువ చెప్పేవాళ్లు 2,000 అంటారు. ఒక్కరాత్రి! శత్రువు లేడు, తూటా లేదు. ఎక్కడున్నామో తెలియకపోవడం ఒక్కటే.

ఇక్కడ ఒక కథ ఉంది. ఎవడో నావికుడు "అయ్యా, మనం రాళ్ల మీదికి పోతున్నాం" అని ముందే చెప్పాడట, నాకు పాఠం చెప్తావా అని అడ్మిరల్ వాణ్ని ఉరి తీయించాడట. వాట్సాప్‌లో మీకు వచ్చే ఉంటుంది. నమ్మకండి. ఆ సంగతి చెప్పడానికి ఆ ఓడలో ఎవరు మిగిలారు? ఒక్కడు కూడా మిగల్లేదు.

ఎక్కడున్నామో ఎందుకు తెలియదు? ఉత్తర దక్షిణాలు తెలుస్తాయి. మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో, రాత్రి ధ్రువుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిస్తే అక్షాంశం వస్తుంది. తూర్పు పడమరలే తంటా. భూమి గంటకి పదిహేను డిగ్రీలు తిరుగుతుంది. అంటే నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ. మన దేశం మొత్తం గడియారాలు ఏ రేఖని పట్టుకుని నడుస్తాయి? 82.5 డిగ్రీల రేఖ. అది ఎక్కడ పోతోంది? ఇదిగో, మన కాకినాడ పక్క నుంచే! ద్వారకలో మీ అబ్బాయి ఉన్నాడనుకోండి, చేతి గడియారం మీకూ వాడికీ ఒకే టైము చూపిస్తుంది, కానీ సూర్యుడు నడినెత్తికి రావడం వాడికి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యం. ఆ యాభై నిమిషాలనే దూరంగా మార్చుకోవచ్చు. బయల్దేరిన ఊరి టైము తెలిస్తే చాలు. అది చెప్పడానికి ఊగే ఓడలో తప్పు చూపించని గడియారం కావాలి. అప్పటికి అలాంటిది లేదు.

లేనప్పుడు ఏం చేసేవాళ్లు? తాడుకి ముళ్లు వేసి, చివర చెక్క కట్టి నీళ్లలో వదిలి, ఇరవై ఎనిమిది సెకన్ల ఇసుక గడియారం తిప్పి, ఎన్ని ముళ్లు జారాయో లెక్కపెట్టేవాళ్లు. ఇవాళ్టికీ ఓడ వేగాన్ని నాట్స్ అంటాం. నాట్ అంటే ఆ ముడే. ఇంత వేగం, ఇన్ని గంటలు, ఈ దిక్కు, కాబట్టి ఇక్కడున్నాం. కింద ప్రవాహం ఎంత తోసిందో ఆ ముడికి తెలుస్తుందా? తెలియదు. రోజుకి ఆరేడు మైళ్ల తప్పు అనుకోండి, నెల రోజులకి ఎంత?

1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌన్ల దాకా బహుమతి ప్రకటించింది. జాన్ హారిసన్ అనే ఆయన, వృత్తికి వడ్రంగి, జీవితమంతా దాని మీదే పెట్టాడు. ఆయన నాలుగో గడియారాన్ని 1761లో జమైకాకి ఓడలో పంపితే, ఎనభై ఒక్క రోజులకి వచ్చిన తేడా సుమారు ఐదు సెకన్లు. ఇంకో మాట. సిల్లీ దుర్ఘటన వల్లే ఈ చట్టం వచ్చిందని, రేఖాంశం తెలియకే మునిగారని రాసేస్తుంటారు. ఆ దళంలో బతికొచ్చిన ఓడల లాగ్ పుస్తకాలు, అంటే ఓడలో రోజూ దారీ గాలీ రాసుకునే పుస్తకాలు, తర్వాత తీసి చూస్తే, అక్షాంశం కూడా చాలామంది తప్పుగానే రాసుకున్నారు. పటాలు కూడా సరిగా లేవు. ఒక్క కారణం చెప్పి చేతులు దులుపుకోవడం మనకి సులువు, అంతే.

గడియారం వచ్చింది కదా, బాధ తీరిందా? ఎక్కడ! అది ఖరీదైన వస్తువు, ప్రతి ఓడకీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. దానికి సాక్ష్యం గ్రోవ్నర్. మన మద్రాసుతో సంబంధం ఉన్న ఓడ. ఈస్టిండియా కంపెనీది. 1782లో మద్రాసు నుంచి బయల్దేరి, ట్రింకోమలీలో ఆగి, జూన్‌లో ఇంగ్లండుకి ప్రయాణం కట్టింది. కంపెనీ ఉద్యోగులు, వాళ్ల భార్యలు, చిన్నపిల్లలు, ఆయాలు, మన కళాసీలు. ఆగస్టు 4 తెల్లవారుజామున, ఆఫ్రికా ఆగ్నేయ తీరంలో పోండోలాండ్ అనే చోట రాళ్లకి గుద్దుకుంది. కేప్టెన్ లెక్క ప్రకారం అప్పటికి నేల ఎంత దూరంలో ఉండాలో తెలుసా? కనీసం మూడొందల మైళ్లు! రాత్రి దూరంగా మంటలు కనబడ్డాయి. కాపలా ఉన్నవాళ్లు నేల ఉందేమో అన్నారు. లెక్క ప్రకారం లేదు కాబట్టి లేదు అన్నారు పైవాళ్లు.

ఇక్కడ అసలు సంగతి గుద్దుకోవడం కాదు. ఓడలో సుమారు నూట నలభై మంది. నీళ్లలో పోయింది పదిహేను మంది. మిగతావాళ్లు, సుమారు 125 మంది, ఒడ్డున పడ్డారు. మన భాషలో ఒడ్డున పడ్డారు! హమ్మయ్య అనుకోవాలి కదా? ఆఫ్రికా దక్షిణ కొసన డచ్చివాళ్లుండే కేప్ వైపు నడుద్దాం, పదహారు పదిహేడు రోజుల్లో చేరతాం అన్నాడు కేప్టెన్. మళ్లీ లెక్కే. అడ్డంగా నదులు, నోళ్లు తెరుచుకుని. తిండి లేదు. స్థానిక ప్రజలతో మాట కలవదు. వాళ్లు అప్పటికే తెల్లవాళ్లతో గొడవల్లో ఉన్నారు. గట్టిగా నడవగలిగినవాళ్లు ముందుకి పోయారు, ఆడవాళ్లు పిల్లలు ఉన్న గుంపు వెనకపడింది. దాదాపు నాలుగు నెలలకి ఆరుగురు డచ్చివాళ్ల ఊరు చేరారు. అప్పుడు ఇంగ్లీషువాళ్లకీ డచ్చివాళ్లకీ యుద్ధం నడుస్తోంది. అయినా వాళ్లు వెతకడానికి మనుషుల్ని పంపారు, ఆ మాట చెప్పుకోవాలి. చివరికి మొత్తం బతికి బయటపడినవాళ్లు పద్దెనిమిది మంది. ఆ పద్దెనిమిదిలో ఏడుగురు కళాసీలు, ఇద్దరు ఆయాలు. కంపెనీ దొరలు, దొరసానులు ఒక్కరూ తిరిగి రాలేదు. నేను దీన్ని చాలాసార్లు ఆలోచించాను. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఎలా బతికారో, వాళ్లని ఎవరైనా కూర్చోబెట్టి అడిగి రాసుకుంటే ఎంత బాగుండేది!

తర్వాత జనానికి పట్టింది మాత్రం నిధి. గ్రోవ్నర్‌లో మొఘలుల నెమలి సింహాసనం ఉందని పుకారు. నాదిర్షా 1739లోనే ఢిల్లీ నుంచి ఎత్తుకుపోయిన సింహాసనం మద్రాసు ఓడలోకి ఎలా ఎక్కిందో అడక్కండి. దాన్ని నమ్మి కంపెనీలు పెట్టారు, షేర్లు అమ్మారు, ఒడ్డు నుంచి సముద్రం కిందికి సొరంగం తవ్వారు. చిట్‌ఫండ్ బాధితులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

నిధి అన్నాను కదా, అక్కడికే వస్తున్నాను. ఓడ ఒడ్డున పడింది. సరుకు చెల్లాచెదురుగా ఇసుక మీద పడి ఉంది. ఆ సరుకు ఎవరిది?

చెప్పండి, ఎవరిది? ఆ బాబు "ఓనరుది" అంటున్నాడు. మంచివాడు. లోకం అలా ఉండేది కాదు బాబూ. ఒడ్డు ఎవరిదో సరుకు వాడిది. రాజుది. రాజు చూడకపోతే ఊరివాళ్లది. ఇంగ్లండులో 1275లో ఒక చట్టం చేశారు. మునిగిన ఓడలోంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణంతో బయటపడితే ఆ ఓడని దిక్కులేని సొమ్ముగా లెక్కకట్టకూడదు, యజమాని ఏడాది ఒక రోజు లోపల వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి. బాగుంది. కానీ ఒడ్డున ఉన్న దొంగ దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? పిల్లి కూడా బతక్కూడదన్నమాట! అడ్మిరల్ షవెల్ గురించి అక్కడివాళ్లు చెప్పుకునే కథ కూడా అలాంటిదే. ఆయన ప్రాణంతోనే ఒడ్డుకి కొట్టుకొచ్చాడని, వేలికున్న ఉంగరం కోసం ఒకామె చంపేసిందని, చాలా ఏళ్లకి చనిపోబోతూ ఒప్పుకుందని. నిజమని నేను ప్రమాణం చెయ్యను. అలాంటి కథ పుట్టిందంటేనే తెలుస్తోంది, ఒడ్డు మీద జనానికి ఎంత నమ్మకమో.

ఆ ఇంగ్లీషు చట్టానికి ముప్పై ఏళ్ల ముందు మన దగ్గర ఏం జరిగిందో చూడండి. మోటుపల్లి. చీరాల కింద, చినగంజాం దగ్గర. ఎవరైనా వెళ్లారా? ఇద్దరు. మాస్టారూ, మీరు కాక ఇంకొకరే! సిగ్గుపడాల్సిన సంగతే. అక్కడ వీరభద్రస్వామి గుడిలో ఒక స్తంభం ఉంది. కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం, 1244-45 నాటిది. ఓరుగల్లులో కూర్చున్న రాజు, సముద్రానికి ఎంతో దూరం. ఆయన ఏమంటాడంటే, నేను అర్థం మాత్రం చెప్తాను: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకి చిక్కి, విరిగి, మన ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, అన్నీ ఇదివరకటి రాజులు లాగేసుకునేవారు. ప్రాణం కంటే ధనమే ముఖ్యమనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం మేము సుంకం తప్ప ఇంకేదీ తీసుకోము. ఆ సుంకం ఎంత? ముప్పైలో ఒక వంతు.

ఎంత నిజాయితీగా ఉందో గమనించారా? "ఇదివరకటి రాజులు లాక్కునేవారు" అని రాతి మీద చెక్కించాడు. "కీర్తి కోసం" అని కూడా ఒప్పుకున్నాడు. దయ ఒక్కటే కాదండీ, వ్యాపారం కూడా. ఓడ పగిలితే దోచుకునే రేవుకి ఏ వర్తకుడు వస్తాడు? రాజుకి గుర్రాలు కావాలి. యుద్ధాలకి గుర్రాలు ఓడల్లోనే రావాలి. ఇంకో యాభై ఏళ్లకి మార్కో పోలో తన పుస్తకంలో ఈ రేవు పేరు చెప్పుకునే స్థాయి ఉందంటే ఊరికే రాలేదు. 1358లో అనపోతారెడ్డి మళ్లీ అక్కడే ఇంకో శాసనం వేయించి వర్తకులకి అభయం ఇచ్చాడు. మళ్లీ ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది? మధ్యలో ఎవరో మళ్లీ మొదలుపెట్టి ఉంటారని నా అనుమానం. ఇది నా ఊహే సుమా, రాతి మీద లేదు.

ఇప్పుడు మన వాకిట్లోకి వద్దాం. కోరంగి. ఇక్కడికి ముప్పావు గంట కూడా పట్టదు. పిల్లలకి కోరంగి అంటే మడ అడవి, చెక్క వంతెన, సెల్ఫీ. ఒకప్పుడు ఈ తీరంలో పెద్ద ఓడల్ని పైకెక్కించి అడుగు బాగుచేయగలిగిన అతికొద్ది చోట్లలో ఇదొకటి. ఓడలు కట్టేవాళ్లు కూడా. ఇక్కడి నుంచి బర్మా పోయినవాళ్లు ఎంతమందంటే, అక్కడ తెలుగువాడు ఏ ఊరివాడైనా పేరు కోరంగీ.

1789 డిసెంబర్. ఆ సంగతి ఒక ఫ్రెంచి నావికుడు తర్వాత రాసిపెట్టాడు. పోటు నిండుగా ఉంది, గాలి నీళ్లని అఖాతం మూలకి కుప్పపోస్తోంది. సముద్రం మీంచి మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీళ్లు తెచ్చింది. రెండోది పల్లపు భూములన్నీ ముంచింది. మూడోది మిగిలినదంతా. ఊరూ, 20,000 మంది జనమూ లేకుండా పోయారని రాశాడు. నది మొగలో లంగరు వేసున్న ఓడలు ఎక్కడ తేలాయి? యానాం చుట్టుపక్కల పొలాల్లో. నీళ్లు వెనక్కి పోతూ ఇసుక, బురద మేటలు వేసి పోయాయి. శవాల్ని వెతకడానికి కూడా వీల్లేకుండా. మొగ పూడిపోయింది, పెద్ద ఓడలు రావడం ఆగిపోయింది.

ఇందాకటి నుంచి ఒడ్డు ఒడ్డు అంటున్నాను. ఇక్కడ ఒడ్డే లేదు. ఉప్పెనలో ఒడ్డు ఎక్కడుంటుంది? మన పెద్దవాళ్లు దీనికి వేరే మాట పెట్టుకున్నారు చూడండి. తుఫాను వేరు, ఉప్పెన వేరు. 77 నవంబర్ దివిసీమ చూసినవాళ్లు ఈ గదిలో ఉన్నారు, వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1864 నవంబర్ 1న బందరు, 30,000 మంది. అదీ ఉప్పెనే.

కోరంగికి 1839 నవంబర్‌లో మళ్లీ వచ్చింది. దాని గురించి ఇంటర్నెట్‌లో చూస్తే 3,00,000 మంది చనిపోయారు, 20,000 ఓడలు ధ్వంసం అని ఉంటుంది. వచ్చింది నిజం, నాశనం నిజం. ఆ అంకెలు మాత్రం నేను మింగలేను. ఇరవై వేల ఓడలు! నేను ఈ అఖాతంలో ఓడ నిలబెట్టినవాణ్ని. చేపల తెప్పలు, డింగీలు అన్నీ కలిపి లెక్కేసినా అన్ని ఇక్కడ పట్టవు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోయారు.

ఆ 1839 తుఫాను గురించే కలకత్తాలో ఒకాయన పనిగట్టుకుని కూర్చున్నాడు. హెన్రీ పిడింగ్టన్. ముందు ఓడ కేప్టెన్, తర్వాత ఓడ ప్రమాదాల మీద విచారణ చేసే కోర్టుకి అధ్యక్షుడు. ఆయన ఏం చేశాడంటే, తుఫానులో చిక్కిన ఓడలన్నిటి లాగ్ పుస్తకాలూ తెప్పించుకున్నాడు. ఫలానా గంటకి ఈ ఓడకి గాలి ఈశాన్యం నుంచి. అదే గంటకి ఆ ఓడకి నైరుతి నుంచి. పటం మీద బాణాలు గీస్తే ఏమొచ్చింది? చుట్ట. పాము చుట్టచుట్టుకున్నట్టు. గ్రీకు భాషలో చుట్ట అనే అర్థం వచ్చే మాట తీసుకుని దానికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. ఇవాళ రేడియోలో, టీవీలో, మీ ఫోన్‌లో వచ్చే ఆ మాట బంగాళాఖాతంలో మునిగిన, మునగబోయి బతికిన ఓడల పుస్తకాల్లోంచి పుట్టింది.

1848లో నావికుల కోసం పుస్తకం వేశాడు. దాంతోపాటు పల్చటి కొమ్ము రేకులు ఇచ్చాడు, అవతలికి కనబడేవి, వాటి మీద గుండ్రంగా గాలుల బాణాలు. పటం మీద ఆ రేకు పెట్టి జరుపుకుంటూ చూసుకోవాలి, మన గాలి ఇటు నుంచి వస్తోంది కాబట్టి తుఫాను నడిబొడ్డు అటుంది అని. నేను శిక్షణలో నేర్చుకున్నదీ అదే. మన అర్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను కన్ను కుడిచేతి వైపు, కొంచెం వెనగ్గా. ఆ ఒక్క ముక్క తెలిస్తే కేప్టెన్ మోకు నరకాలా వద్దా, నరికి ఎటు పోవాలి అన్నది తేల్చుకోగలడు. పాండిచ్చేరి ముందు 1761లో నిలబడ్డవాళ్లకి అది లేదు.

1853లో ఆయన గవర్నర్ జనరల్‌కి ఉత్తరం రాశాడు. కలకత్తాకి దగ్గర్లో మాట్లా నది మీద కొత్త రేవు కడదామని కంపెనీ ఆలోచన. కట్టకండి, ఉప్పెన వస్తుంది, మొత్తం పోతుంది అని రాశాడు. కట్టారు. పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. పిడింగ్టన్ 1858లో పోయాడు. రేవు 1867లో పోయింది, తుఫానుకే.

టీ వచ్చినట్టుంది, ఆ గ్లాసుల చప్పుడు నాకు వినబడుతోంది. కొమ్ము రేకు నా దగ్గర లేదు గానీ ప్లాస్టిక్ షీటు మీద అలాంటిదే ఒకటి గీసి తెచ్చాను. బంగాళాఖాతం పటం కూడా ఉంది. పిల్లలు ముందు రండి. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో మీరు చెప్పండి, తుఫాను ఎక్కడుందో నేను చూపిస్తాను.